చూడని సమాధి

చిన్నకథలు వ్రాయువారికి మృత్యువంత చౌకగా దొరకు సరకు మఱియొకటి లేదు. కథ యెటు పోవలెనో తోచనప్పుడు నాయకుని మంచమెక్కించి, నాలుగు మాటలు పలికించి, దీపమార్పివేసినచో పాఠకుని కన్ను చెమర్చును, కథయు ముగియును. మన పత్రికలకు వచ్చు కథలలో ఇట్టివి కొల్లలు. చావును చూపుట ఇంత సులభమైనను, చావును ఒప్పుకొనని మనస్సును చూపుట మాత్రము చాల కష్టము. ఏలయన, ఒప్పుకొననివాడు ఆ సంగతిని తనకుతానే చెప్పుకొనడు. ఇక కథకుడు వాని నోట దానినెట్లు పలికింపగలడు? ఈ కష్టమును దాటిన కథ యొకటి కలదు. దానిని గుఱించి పాఠకమహాశయులతో కొంత ముచ్చటింపదలచితిని.

ఆ కథ పేరు ‘ఈగ’. వ్రాసినది కాథరిన్ మాన్స్‌ఫీల్డ్. ఈమె 1888వ సంవత్సరమున న్యూజిలాండులోని వెల్లింగ్టను నగరమున జన్మించెను. తండ్రి పేరుమోసిన వర్తకుడు, బ్యాంకి యధ్యక్షుడు. ఈమె తమ్ముడు లెస్లీ 1915 అక్టోబరులో బెల్జియమున, సైనికులకు చేతిబాంబు విసరుట నేర్పుచుండగా అది పేలి మరణించెను. 1922 ఫిబ్రవరిలో, క్షయరోగమునకు పారిసులో చికిత్స పొందుచు, ఈమె యీ కథను వ్రాసెను. ఆ మార్చిలోనే లండనులోని యొక వారపత్రికలో అది యచ్చయ్యెను. మఱుసటి జనవరి 9వ తేదీన, తన 34వ యేట, ఆమెయు గతించెను. కథ పుస్తకములో చేరునాటికి రచయిత్రి లేదు. ఈ సంగతులు తెలిసినవారు ఈగయే కాథరిన్ అనియు, యజమాని యామె తండ్రి యనియు, కాదు విధియే యనియు వాదించుట కలదు. ఆ వాదము నాకంత ముఖ్యముగా తోచదు. కథను కథగా చదివినచో అంతకంటె లోతైన సంగతి యందు దొరకును.

కథ మిక్కిలి చిన్నది. జరుగు తావు లండనులోని యొక వర్తకుని గది. పట్టు కాలము ఏ గంటయో. ఉడీఫీల్డు అను ముదుసలి పక్షవాతము తగిలి పని మానినవాడు. భార్యయు కూతుండ్రును వానిని వారమంతయు ఇంటిలోనే మూసియుంచి, మంగళవారమునాడు మాత్రము బట్టలు తొడిగి బయటికి పంపుదురు. అట్టి యొక మంగళవారము, పాత మిత్రుని కార్యాలయములో పచ్చతోలు కుర్చీయందు, తోపుడుబండిలోని పసిబిడ్డవలె వాడు కూర్చుండియుండగా కథ యారంభమగును. ఆ మిత్రునికి కథలో పేరే లేదు. యజమాని యనియే రచయిత్రి మొదటినుండి తుదివఱకు వ్యవహరించును. ఉడీఫీల్డునకు పేరు కలదు, బంట్రోతునకు పేరు కలదు, వీనికి లేదు. ఆజ్ఞాపించుట తప్ప వేఱు వ్యక్తిత్వమేదియు వీనికి మిగులలేదని యా యొక్క మాటవలననే తేలుచున్నది.

యజమాని ఉడీఫీల్డుకంటె ఐదేండ్లు పెద్దవాడైనను నిగనిగలాడు బుగ్గలతో దిట్టముగా నున్నాడు. క్రొత్త తివాసిని, క్రొత్త బల్లలను, గదిని వెచ్చచేయు విద్యుత్పరికరమును మిత్రునకు చూపి మురియుచున్నాడు. బల్లకు పైనున్న ఛాయాచిత్రమును మాత్రము చూపడు. అది క్రొత్తది కాదు. ఆఱేండ్లకు పైగా అక్కడనే యున్నది. అందు సైనికుని దుస్తులలో నొక యువకుడు. వాని వెనుక ఛాయాచిత్రకారుల తెరమీది మబ్బులు. వాడు యజమానికి ఒక్కగానొక్క కొడుకు, యుద్ధములో మరణించినాడు.

ఉడీఫీల్డు ఏదో చెప్పవలెనని వచ్చి, యదేమో మఱచిపోయెను. యజమాని జాలిపడి విస్కీ పోసెను. అది లోనికి పోయి వెచ్చబడగానే ముదుసలికి సంగతి జ్ఞాపకము వచ్చెను. తన కూతుండ్రు గతవారము బెల్జియము పోయి తన కొడుకు రెజీ సమాధిని చూచి వచ్చిరనియు, దానికి దాపుననే యజమాని కుమారుని సమాధియు కనబడెననియు, ఆ తావు మైళ్ల పొడవున పూలతోను వెడల్పయిన బాటలతోను తోటవలె నున్నదనియు చెప్పెను. మీరు పోలేదుకదా యని యడిగెను. లేదు, కారణములు పెక్కు అని మాత్రము చెప్పి రచయిత్రి యూరకుండును. వెంటనే ముదుసలి, అక్కడి హోటలువారు చిన్నగిన్నెడు పండ్లపాకమునకు పది ఫ్రాంకులు పుచ్చుకొనిరనియు, వారికి బుద్ధివచ్చుటకై తన కూతురు గిన్నెనే యెత్తుకొనివచ్చెననియు చెప్పును. బాగుగా చేసినది, బాగుగా చేసినది యని యజమాని యనును. ఏది బాగుగా చేసినదో వానికి తెలియదు.

ఈ పండ్లపాకపు ముచ్చట చదివినవారిలో పలువురు, సమాధియెదుట నిలిచివచ్చినవారికి ధరల గొడవ యేమని యీసడించుకొందురు. రచయిత్రి యాయింటివారి యల్పబుద్ధిని ఎత్తిపొడుచుచున్నదని వ్యాఖ్యానింతురు. నేనును మొదట నట్లే చదివితిని. ఇప్పుడు నాకట్లు తోచదు. ఆ యాడపిల్లలు సముద్రము దాటి పోయిరి; సోదరుని పేరు చెక్కిన రాతిని చూచిరి; పూలు చూచిరి; పిమ్మట వారికి ఆకలియైనది. తిన్నదానికి ఎక్కువ సొమ్ము లాగికొన్నందుకు కోపమును వచ్చినది. ఆకలియు కోపమును బ్రదికియున్నవారి లక్షణములు. చచ్చినవాడు చచ్చినవాడే యని కన్నులార చూచినవారికి మిగిలిన లోకము, దాని ధరలతో దాని మోసములతో, తిరిగి చేతికి వచ్చినది. ఈ కథలో శోకమునుండి ఆరోగ్యముతో బయటపడినవారు వారొక్కరే. వారు తెరపైకి రాకయే పోవుదురు. కాని కథకు తూకపురాయి వారియొద్దనే యున్నది.

ఆ తోటకు వెనుక నొక చరిత్ర కలదు. 1917లో సామ్రాజ్య యుద్ధసమాధుల సంఘము ఏర్పడెను. పోరాడినచోట పడినవారిని స్వదేశమునకు తేరాదనియు, అధికారికిని సామాన్య సైనికునకును ఒకే కొలతగల రాయి నిలుపవలెననియు ఆ సంఘమువారు నిశ్చయించిరి. మా బిడ్డను మాకిండని యెన్నియో కుటుంబములు మొఱపెట్టుకొన్నను ఆ నిశ్చయము మాఱలేదు. కావున చూడగోరిన తండ్రి సముద్రము దాటవలసినదే. మన దేశమునుండి ఆ యుద్ధమునకు పోయి, సమాధి యెక్కడనో తెలియకుండ మడిసినవారిలో 4,700 మందికి పైబడినవారి పేర్లు ఫ్రాన్సులోని నవ్ షాపెల్ వద్ద 1927లో నెలకొల్పిన స్మారకముపై చెక్కబడినవి. వారి తల్లిదండ్రులలో ఎందఱికి ఆ రాతిమీద చేయి వేసి చూచు భాగ్యము కలిగియుండును? ఈ యజమానికి ధనము కలదు, దేహబలము కలదు, దారి దగ్గఱ. ఐనను పోలేదు.

ఏల పోలేదో ముదుసలి వెళ్లినపిమ్మట తెలియును. యజమాని బంట్రోతు మేసీని పిలిచి అరగంటవఱకు ఎవ్వరిని లోనికి రానీయవలదని యాజ్ఞాపించి, కుర్చీలో కూలబడి, మొగమును చేతులతో కప్పుకొనెను. ఏడ్చుటకు సిద్ధపడెను, సిద్ధపడెననుటకంటె ఏర్పాటు చేసికొనెననుట మేలు. సంఘపు సమావేశమునకు ఏర్పాటు చేసికొనునట్లు ఏడ్పునకు వేళయు గదియు కావలివాడును ఏర్పడిరి. ఏడ్పు మాత్రము రాలేదు.

ఉడీఫీల్డు సమాధి మాట యెత్తినప్పుడు భూమి నోరు తెఱచి, అందు తన కొడుకు పడియుండగా పరుల బిడ్డలు వంగి చూచుచున్నట్లు యజమానికి తోచెనట. ఆఱేండ్లు గడచినను వాడు కొడుకును సమాధిలో నెన్నడును ఊహించియుండలేదు. దుస్తులు నలగక, దేహము చెడక, కుఱ్ఱవాడెక్కడనో శాశ్వతముగా నిద్రించుచున్నట్లే తలచుచుండెను. నిద్ర యనుమాటలో మేలుకొనుట దాగియున్నది. మనమును, కాలము చేసిరి, కీర్తిశేషులైరి, పోయిరి యని పలు మాటలు కల్పించుకొంటిమి. చచ్చెనన్న మాటను పశువులకును శత్రువులకును విడిచితిమి. మర్యాదకొఱకే యిట్లు చెప్పుదుమందురు. మర్యాద కొంతయే, వెఱపు తక్కినది.

కొడుకు చావును త్రోసిపుచ్చుట యొకటియైనచో, దానికి లోపల మఱియొక త్రోసిపుచ్చుట కలదు. ఇదియే యీ కథలోని మర్మమని నా తలంపు. కొడుకు పోయిన తొలినాళ్లలో, ఇతరులు మఱతురేమో కాని తనవిషయమున కాలమేమియు చేయజాలదని యజమాని యందఱితో చెప్పియుండెను. ఆ మాట చెప్పుకొన్ననాడే వాడొక ప్రతిజ్ఞ చేసినవాడయ్యెను. శోకమునకును ఆయువు కలదు. అదియు ముదిసి, సన్నగిలి, ఒకనాడు పోవును. తన శోకము చచ్చిపోయినదని యొప్పుకొనుట వానికి కొడుకు చచ్చిపోయెనని యొప్పుకొనుటకంటె కష్టమైనది. అది యొప్పుకొన్నచో తాను తక్కిన తండ్రులవంటివాడే యగును. కావున తలుపు మూసి, పీనుగును కూర్చుండబెట్టి బ్రదికియున్నదని నమ్మించుకొనునట్లు, చచ్చిన దుఃఖమును కదల్పజూచుచున్నాడు.

ఇచ్చట నా సొంతమాట యొకటి చెప్పినచో పాఠకులు మన్నింపగోరుదును. మా తండ్రిగారు పోయిన యైదవయేట ఆబ్దికమునాడు, పిండముల యెదుట కూర్చుండి, నాకు కన్నీరు వచ్చునని యెదురుచూచితిని. చుట్టును బంధువులు, మా మేనత్త నా మొగమువంకనే చూచుచుండెను. కన్నీరు రాలేదు. పొయ్యిమీది గారెల వాసన వచ్చినది, నోరూరినది. ఆ దినమంతయు నేనేదో దొంగతనము చేసినవానివలె తిరిగితిని. పొగ కన్నులలో పడినదని చెప్పి పైపంచెతో ఒత్తికొంటిని. మా మేనత్త నమ్మినది. నా కది మఱింత సిగ్గయ్యెను. ఆ తరువాత కొన్నేండ్లకు ఈ కథ చదివి, ఏర్పాటు చేసికొన్న యేడ్పు అను తావున పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. నన్ను దూషించినట్లు కాదు, నన్ను గుర్తించినట్లు తోచినది.

ఏడ్పు రాక యజమాని కొడుకు చిత్రమును చూడబోవును. అదియు తోడ్పడదు. ఆ మొగము కఱకుగా, పరాయిదిగా కనబడును, కుఱ్ఱవాడెన్నడును అట్లుండలేదు. ఆఱేండ్లు గోడను కాచినదే కాని, యా చిత్రము కొడుకును కాపాడలేదు. ఇంకొక వింత గమనింపదగినది: ఈ గదిలో తల్లి యొక్క ఊసే లేదు. కొడుకు వర్తకమునకు వారసుడు, తండ్రి కష్టమునకు ఫలము, బంట్రోతువఱకు అందఱికి ఇష్టుడు. వానిని కన్నదెవరో కథ చెప్పదు. రచయిత్రి మఱచినదని నేననుకొనను. యజమాని మఱచినాడు. వాని దుఃఖములో సగము వారసత్వము పోయిన దుఃఖము.

మన సంఘమును తలచుకొనక ఈ చిత్రమును దాటిపోలేను. మనవారు మృతుని గోడకు తగిలించుటతో తృప్తిపడలేదు. వాని చావును విధవ శరీరముపై వ్రాసి, యామెను నడచు ఛాయాచిత్రముగా ఇంటిలో నుంచిరి. పదవనాడు గాజులు పగులగొట్టి, కొన్ని కులములలో తల గొఱిగించి, ఆమె దుఃఖము తీఱినదా లేదా యని యడుగక, తీఱరాదని శాసించిరి. ఆమెను చూచి దుఃఖము నిలిచియున్నదని తలచి తక్కినవారందఱు సుఖముగా మఱచిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినప్పుడు పెద్దలకు కలిగిన యాగ్రహములో శాస్త్రాభిమానమెంతయో నేను నిర్ణయింపజాలను; చిత్రము గోడ దిగి నడచిపోవుట చూచిన కలవరము మాత్రము అందు తప్పక యుండవలెను. యజమాని తన దుఃఖమును తానే మోయవలసివచ్చి, మోయలేక పట్టుబడినాడు. మనవారు దానిని ఇంకొకరిచేత మోయించిరి.

ఇక ఈగ. వెడల్పయిన సిరాబుడ్డిలో నొక యీగ పడి గిలగిల కొట్టుకొనుచుండెను. యజమాని కలముతో దానిని తీసి అద్దుడుకాగితముపై విడిచెను. అది మెల్లగా లేచి రెక్కలు తుడుచుకొనసాగెను. కొడవలికి పైనను క్రిందను సానఱాయి నడిచినట్లు కాలు రెక్కమీద నడిచెనని రచయిత్రి పోల్చును. తుడుచుకొని, యెగురుటకు సిద్ధమగునంతలో యజమానికి నొక తలంపు పుట్టెను. కలము ముంచి పెద్ద సిరాబొట్టు దానిమీద వేసెను. ఈగ దిగ్భ్రమ చెంది, మరల మొదటినుండి మొదలిడెను. దాని ధైర్యమునకు మెచ్చుకొని ఇంకొక బొట్టు. ఈగ మరల లేచెను, ఈసారి నీరసముగా. ఊది యారబెట్టజూచెను, ముద్దుగా తిట్టెను, ఇదే కడపటిదని మఱియొక బొట్టు వేసెను. అది నిజముగా కడపటిదే యయ్యెను. త్వరపడుము త్వరపడుము అని కలముతో కదల్చెను, ఈగ కదలలేదు.

షేక్స్పియరు రచించిన లియరు నాటకములో దేవతలు మనుష్యులను ఈగలవలె చంపుదురను భావమొకటి వచ్చును. పలువురు విమర్శకులు దానిని తెచ్చి యీ కథకు తగిలింతురు. నాకది సరిపడదు. ఆటకై చంపువానికి చంపుటయందే యింపు. యజమాని యట్లు కాదు. ఈగ బ్రదుకవలెననియే వాని కోరిక. ప్రతిబొట్టు తరువాతను అది లేచినప్పుడు వానికి కలుగు సంతోషము బూటకము కాదు. ధైర్యమును మెచ్చుచు, హితము చెప్పుచు, మఱల మఱల పరీక్షకు నిలిపి, తుదకు చంపినాడు. ఆ తరపు తండ్రులు బిడ్డలను గుఱించి మాటాడినదియు ఈ భాషలోనే. యజమాని తన కొడుకును యుద్ధమునకు పురికొల్పెనని కథలో లేదు. రచయిత్రి అంత దూరము పోక యాగుటయే మంచిదయ్యెను. కాని యీగతో వాడు మాటాడు తీరు విన్నవారికి, ఆ తీరు వానికెట్లు అలవడెనని శంక పుట్టకమానదు.

ఇంకొక సంగతి. కన్నునుండి రావలసిన బొట్టు రాలేదు, కలమునుండి రాలినది. గదిలో తలుపు మూసికొని యెదురుచూచినది దేనికొఱకో, అది నల్లగా మాఱి యొక యల్పజీవిపై పడినది. తాను చూడనొల్లని చావును, తన చేతిలో, తన బల్లమీద, తన ఆజ్ఞకు లోబడునదిగా వాడొకమాఱు జరిపి చూచినాడు. ఇచ్చటనైనను చావు ఆజ్ఞకు లోబడలేదు. ఈగ పీనుగును కాగితముల కత్తితో ఎత్తి చెత్తబుట్టలో పాఱవైచిన క్షణమున వానిని పట్టిన దిగులు, ఆ యరగంటలో వానికి కలిగిన యొకేయొక నిజమైన దుఃఖము. అది వచ్చినప్పుడు వాడు దానిని గుర్తింపలేదు. భయపడి గంట మ్రోగించెను. మేసీ రాగానే క్రొత్త అద్దుడుకాగితము త్వరగా తెమ్మని యాజ్ఞాపించెను. వాడు వెళ్లినంతట, ఇంతకుముందు తాను దేనిని గుఱించి తలపోయుచుంటినని జ్ఞాపకము చేసికొనజూచి, చేతిరుమాలు తీసి మెడపట్టీలోపల తుడుచుకొనెను. జ్ఞాపకము రాలేదు. కథ యంతటితో ఆగును.

చెప్పవచ్చిన మాట మఱచిన ముదుసలిని చూచి జాలిపడినవాడు, కథ ముగియునాటికి తానే యామఱపులో పడినాడు. ముదుసలికి విస్కీ పోసి జ్ఞాపకము తెప్పించుటకు మిత్రుడుండెను; వీనికి బంట్రోతు మాత్రమే యున్నాడు. ఆ బంట్రోతును షికారునకు ఎదురుచూచు ముసలికుక్కతో పోల్చుట యొక్కటి నాకు నచ్చలేదు. వానిపట్ల యజమాని చూపునే రచయిత్రియు అరువు తెచ్చుకొన్నట్లున్నది. ఇంత కొలతతో వ్రాసిన కథలో అది యొక మరక.

ఈ కథను తెలుగు చేయదలచు యువకులెవరైన నున్నచో వారికొక మనవి. అద్దుడుకాగితమును నేటి పిల్లలెఱుగరు. దానికి నొక వాక్యములో పని చెప్పి ముందుకు సాగుడు, అది సిరాను పీల్చునని తెలియక కథ తెలియదు. యజమానికి పేరు పెట్టకుడు. త్వరపడుమను మాట మూలములో రెండు తావుల వచ్చును: చచ్చిన యీగతో నొకమాఱు, బ్రదికియున్న మేసీతో నొకమాఱు. పునరుక్తియని తలచి రెండవతావున మాట మార్చకుడు. రెండు తావులందును ఒక్కమాటయే పడవలెను.